రుచి చూసే టోపీ

నూట పద్దెనిమిదో మనిషి కూడా "వద్దు" అన్నాడు.

మామూలుగా అంటే బాగుండేది. తలమీది టోపీ ఊడబీకి ధృతి చేతిలో పెట్టేసి, "అక్కా, దండం పెడతాను, నన్ను బ్యాంకులో మాత్రం చేరమనకండి," అని, చెప్పులు కూడా మరిచిపోయి గుమ్మం దాటేశాడు. ఆ చెప్పులు పట్టుకుని ధృతి మెట్ల దాకా పరిగెత్తింది. ఇచ్చి, ఆయాసపడుతూ వెనక్కొచ్చి, గోడమీది పట్టికలో నూట పద్దెనిమిదో గడిలో కూడా అడ్డగీత గీసింది. పట్టిక నిండా అడ్డగీతలే. ఒక్కటంటే ఒక్క టిక్కు లేదు.

టోపీ పేరు రుచి. చూడ్డానికి హెల్మెట్ కింద చెమట పీల్చడానికి పెట్టుకునే గుడ్డ టోపీలా ఉంటుంది, అంతకు మించి ఆర్భాటం లేదు. పని చేసే మనిషి దాన్ని నెత్తిన పెట్టుకుని తన పని తాను చేసుకుంటే చాలు. చేతుల్లో బరువు, గుండె దడ, నడుం నొప్పి, కడుపులో తిప్పడం, పని కుదిరినప్పుడు గుండెల్లో కలిగే హాయి, ఇలా ఒంట్లో జరిగేదంతా టోపీ నమోదు చేసుకుంటుంది. ఆ తరవాత ఏ కుర్రాడో జత టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే, ఆ మనిషి పనిరోజు మొత్తం నలభై నిమిషాల్లో వాడి ఒంట్లో నడుస్తుంది. మనసులో మాటలు వినబడవు. ఒళ్లు మాత్రమే తెలుస్తుంది. నాలుగేళ్లు చదివి, ఉద్యోగంలో చేరి, మూడో నెలలో "ఇది నావల్ల కాదు బాబోయ్" అని ఏడ్చే బదులు ముందే కాస్త రుచి చూసి చేరొచ్చు కదా! ఇదీ ధృతి ఆలోచన. చదువైన రెండేళ్లలో మూడు ఉద్యోగాలు మానేసిన పిల్లకి రాక ఇంకెవరికి వస్తుంది ఇలాంటి ఆలోచన!

నాలుగోదిగా ఈ విశాఖపట్నం ల్యాబులో చేరి రెండేళ్లయింది. ఇది మాత్రం మానలేదు. మానబుద్ధి కాలేదు. పొద్దున లేవగానే టోపీ గుర్తొచ్చి ఒళ్లు జిల్లుమనేది. అలాంటిది, ఇప్పుడు రుచి చూసినవాళ్లంతా ఊసేస్తున్నారు. నర్సు పని చూసినవాడు పారిపోయాడు. దర్జీ పని, బస్సు డ్రైవరు పని, వంటాయన పని, అన్నిటికీ అదే వరస. అందరికన్నా సంహిత అనే పిల్ల ధృతి గుండెలో ముల్లులా ఉండిపోయింది. అయిదో తరగతి నుంచీ టీచర్ కావాలని కలలు కన్న పిల్ల. టీచరమ్మ రోజుని రుచి చూసి, టోపీ తీసి, "ఇదా అక్కా ఇన్నాళ్లూ నేను కోరుకుంది?" అని చిన్నగా అడిగి, మరునాడే బీఎడ్ సీటు వదిలేసుకుంది.

డైరెక్టర్ పట్నాయక్ మేడమ్ ఆ సోమవారం ధృతిని పిలిచి ఉన్నమాట చెప్పేసింది. "శనివారం నీలంపాలెం పోర్టు జనరల్ మేనేజర్ వస్తున్నారు. వాళ్లకి క్రేన్ ఆపరేటర్లు కావాలి. చేరినవాళ్లు నెల తిరక్కుండా మానేస్తున్నారట. పన్నెండు మంది పిల్లల్ని తెస్తారు. క్రేన్ పని రుచి చూపించు. ఒక్కరు, ఒకే ఒక్కరు చేరతానంటే రుచి బతుకుతుంది. లేదంటే ల్యాబుకి తాళమేనమ్మా."

"క్రేన్ పనా?" అంది ధృతి. ఆ పోర్టులోనే ముప్పై నాలుగేళ్లుగా క్రేన్ నడుపుతున్నాడు వాళ్ల నాన్న పైడిరాజు. ఆ సంగతి ధృతి ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి కాదు. భయపడి.

ఆ భయం ఏమిటో తెలియాలంటే ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాలి.

స్కూటర్ ఆగింది. పైడిరాజు భుజాలు వేలాడేసుకుని లోపలికొచ్చి, కుర్చీలో కూలబడి, "అమ్మయ్య! చచ్చీసానే ఇవాళ," అన్నాడు. ధృతికి ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే మాట. తల్లి నూకరత్నం అప్పటికే గోరువెచ్చగా కాచి ఉంచిన నువ్వులనూనె గిన్నె తెచ్చి, కింద కూర్చుని, ఆయన పిక్కలకి మర్దన మొదలెట్టింది. అదీ రోజూ ఉండేదే. నాన్నని రోజూ ఇలా చూసి చూసి, పనంటే మనిషిని ఇలా పిండేసేదని ధృతికి చిన్నప్పుడే నాటుకుపోయింది. ఏ ఉద్యోగంలోనైనా కాస్త ఒళ్లు నొప్పనిపిస్తే చాలు, ఇక తన గతీ ఇంతే కాబోలని బెదిరి మానేసేది. అలాంటిది, ఆ అలసటనే తన ఒంట్లోకి తెచ్చుకోవాలంటే మాటలా!

"ఏటే, నీ టోపీ యాపారం ఎంతదాకా వచ్చింది?" అన్నాడు పైడిరాజు కళ్లు మూసుకునే. "ఉద్యోగం రుచి చూడ్డం ఏటే? పకోడీయేటి? నోట్లో ఏసుకుని, ఉప్పు తక్కువైందని ఊసీడానికి? మా రోజుల్లో ఉద్యోగం ఇచ్చినోడి కాళ్లకి దండం పెట్టి, నోరు మూసుకుని చేసీవోళ్లం."

"అందుకే మీ కాళ్లకి రోజూ నూనె కావలసొస్తోంది నాన్నా."

"చూసేవా దాని నోరు! ఈదిలో అడుగుతున్నారు, మీ అమ్మాయి ఏం చేస్తాదని. ఏం చెప్పమంటావు? జనాలకి టోపీ పెడతాదని చెప్పనా?"

నూకరత్నం పకపకా నవ్వింది. ధృతికి నవ్వు రాలేదు.

మంగళవారం ధృతి ఒక మొండిపని చేసింది. ల్యాబులో ఉన్న రికార్డింగుల్లో ఆరింటిని వరసపెట్టి తానే పెట్టుకు చూసింది. నర్సు, దర్జీ, డ్రైవరు, వంటాయన, టీచరమ్మ, బ్యాంకు క్యాషియరు. ఆరో టోపీ తీసేసరికి మెడ ఎడంపక్క పట్టేసింది. చెయ్యి వేసి నొక్కుకుంటే ఒకటి తట్టింది. ఆరుగురివీ ఆరు రకాల పనులు. ఒకరిది నిలబడి చేసేది, ఒకరిది కూర్చుని చేసేది. అలాంటప్పుడు అందరికీ మెడలో ఒకే చోట ఈ బిగువేమిటి? పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క క్షణం కూడా సడలని బిగువు!

ఆలోచిస్తూ క్యాంటీన్‌కి వెళ్లింది. టీ కాచే సన్యాసమ్మ ఒక కాలు స్టూలు మీద పెట్టుకుని, వడగడుతూ, ఎవరో పెళ్లిలో వడలు చాలని కథ చేతులు తిప్పుకుంటూ చెబుతోంది. టీ ధార గాల్లో మూరెడు పొడుగు సాగి, చుక్క కింద పడకుండా గ్లాసులో దిగుతోంది. సరిగ్గా అప్పుడు పట్నాయక్ మేడమ్ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు, తన టీ కోసం వచ్చిందంతే. సన్యాసమ్మ కాలు చటుక్కున దించింది. కొంగు సర్దుకుంది. కథ ఆగిపోయింది. టీ ధార బెత్తెడుకి కుదించుకుపోయి, అయినా కాస్త కిందే ఒలికింది.

ధృతి ఒక్క అంగలో ఆమె దగ్గరికి వెళ్లింది. "సన్యాసమ్మా, నిజం చెప్పు. ఇప్పుడు నీ మెడ ఎడంపక్క పట్టిందా?"

"ఓలమ్మో, నీకెలా తెలిసింది? పట్టదేటమ్మా మరి, మేడంగారు చూస్తన్నారు గదా!"

ధృతి కేక పెట్టింది. క్యాంటీన్‌లో ఉన్న నలుగురూ ఉలిక్కిపడేలా, సంతోషంతో కేక పెట్టింది. తన గదికి పరిగెత్తి, రికార్డింగు రోజుల ఫోటోలన్నీ బల్లమీద పరిచింది. ఎలా కనబడలేదు ఇన్నాళ్లూ! డ్రైవరు బస్సుకి బంతిపూల దండ వేశాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. టీచరమ్మ పట్టుచీర కట్టుకుంది. దర్జీ కొత్త చొక్కా కుట్టుకుని, గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. వంటాయన టోపీకే బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. రికార్డు చేస్తారట అనగానే, పెద్దసారు తనిఖీకి వస్తున్నాడన్నంత హడావిడి పడ్డారు. ఆ రోజు ఎవరూ పని చేయలేదు. పని చేసి చూపించారు. రోజంతా వెనకాల ఎవరో నిలబడి ఉన్నట్టే మెడ బిగబట్టుకుని చూపించారు.

"మేడమ్!" అంటూ తలుపు కూడా తట్టకుండా దూసుకుపోయింది. "మనం నూట పద్దెనిమిది మందికి ఉద్యోగం రుచి చూపించలేదు మేడమ్. ఇన్‌స్పెక్షన్ రుచి చూపించాం!"

పట్నాయక్ మేడమ్ కళ్లజోడు తీసి, ఫోటోలు ఒక్కొక్కటీ చూసి, నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వాక అడిగింది. "అయితే ఏం చేద్దాం? వాళ్లకి తెలియకుండా రికార్డు చేద్దామా?"

"వద్దు మేడమ్. చెప్పకుండా ఒకరి ఒంట్లోకి దూరడం దొంగతనం. టోపీ ఉందని తెలిసి కూడా మరిచిపోయేవాళ్లు కావాలి."

మేడమ్ ఆలోచనలో పడింది. ధృతి అంతకన్నా ముందు చేయవలసిన పని ఒకటుందని ఫోన్ తీసి సంహితకి చేసింది. "సంహితా, నేను నీకు తప్పు చూపించాను. ఆ భయం టీచర్ పనిది కాదమ్మా, తనని చూస్తున్నారని ఆ టీచరమ్మ పడ్డది. సీటు ఇంకా ఉందేమో కనుక్కో. లేకపోతే నేనే వచ్చి కాలేజీ వాళ్ల కాళ్లావేళ్లా పడతాను." అవతల "కనుక్కుంటాను," అని మాత్రం వినబడింది. నమ్మిందో లేదో తెలియలేదు.

ఫోన్ పెట్టేసి మేడమ్ వైపు తిరిగింది. "మేడమ్, మా నాన్న క్రేన్ ఆపరేటరు. నీలంపాలెం పోర్టులోనే."

"రెండేళ్ల నుంచి ఇక్కడుండి ఇప్పుడా చెప్పడం!" అంది మేడమ్.

పైడిరాజు మొదట ఒప్పుకోలేదు. "వచ్చే నెల రిటైరైపోతన్నాను. ఇప్పుడు నాకు టోపీలేటి?" అన్నాడు. ఆ తరవాత కూతురి మొహం చూసి, "ఇది పోతే ఇదీ మానీసినట్టేనా?" అని అడిగాడు. "ఇది నేను మానడం కాదు నాన్నా. ఇదే నన్ను వదిలేస్తోంది," అంది ధృతి. కూతురు ఒక ఉద్యోగం పోతుందని బాధపడగా ఆయన చూడటం అదే మొదటిసారి. టోపీ అందుకుని తలకి సరిపోతుందో లేదో చూసుకున్నాడు.

బుధవారం రికార్డింగు అయింది. ఏం లాభం! ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, నుదుట విభూతి, పాలిష్ పెట్టిన బూట్లు. లివర్లు కూడా పుస్తకంలో రాసినట్టు అంగుళం అంగుళం కదిపాడట. ధృతి పెట్టుకుని చూస్తే మెడ కొయ్యలా ఉంది.

"ఎవరు చూస్తున్నారని నాన్నా అంత బిగుసుకుపోయావు?"

"నువ్వే చూస్తన్నావు గదే!"

ఇక రెండే రోజులున్నాయి. ఏం చేయాలో తోచక ధృతి తల పట్టుకుంది. కానీ గురువారం ఓడలో గాలిమర రెక్కలు వస్తున్నాయని పైడిరాజే మాటల్లో అన్నాడు. అరవై మీటర్ల పొడుగు, ఫైబర్‌గ్లాసుతో చేసినవి. వాటిని దించేటప్పుడు పెళ్లాం పేరు కూడా గుర్తుండదన్నాడు. ఆ మాటకి నూకరత్నం గరిట చూపించింది. ధృతి మాత్రం ఎగిరి గంతేసింది.

గురువారం మధ్యాహ్నం పోర్టు గేటు దగ్గర ల్యాబు వ్యాను ఆగి ఉంది. అందులో కుర్చీలో ధృతి. ఈసారి నమోదు చేసి తరవాత చూడటం కాదు. ఒక పక్క నమోదవుతూనే, నేరుగా ఆయన ఒంట్లో జరుగుతున్నది జరుగుతున్నట్టే ఆమెకి తెలుస్తుంది. పైన నలభై మీటర్ల ఎత్తున గాజు క్యాబిన్‌లో నాన్న, కింద వ్యానులో కూతురు. టోపీ తగిలించుకుంది. మళ్లీ అదే మెడ బిగువు. నీరసపడిపోయింది.

మొదటి రెక్క గాల్లోకి లేచింది. వాకీటాకీలో కింద సిగ్నల్ ఇచ్చే అప్పన్న గొంతు వ్యానులోకి వినబడుతోంది. "మావా, నెమ్మదిగా... నెమ్మదిగా... ఓలమ్మో, గాలొచ్చేస్తంది మావా!"

సముద్రం మీంచి గాలి ఒక్కసారిగా విసిరింది. రెక్క సగం ఓడమీద, సగం రేవు మీద వేలాడుతూ ఊగడం మొదలెట్టింది. వెనక్కి దించడానికి లేదు, ముందుకు తేవడానికి లేదు. రెక్క కింద పద్నాలుగు మంది మనుషులు. ధృతి గుండె గుభేలుమంది. అయితే అది ఆమె గుండె మాత్రమే. నాన్న గుండె నింపాదిగా కొట్టుకుంటోంది! మెడ, ఎప్పుడు వదిలిందో తెలియదు, వదిలేసింది. వేళ్లు లివర్ల మీద తేలిపోతున్నాయి. పన్నెండు టన్నుల బరువు ఆ వేళ్ల చివర్లలో తెలుస్తోంది, అరచేతిలో నిద్రపోతున్న పసిపాప బరువు తెలిసినట్టు. రెక్క ఎటు ఊగితే అటే, దానికన్నా కాస్త ముందుగా, క్రేన్ చేతిని పంపాడు పైడిరాజు. ఊగింది. మళ్లీ పంపాడు. ఊపు సగమైంది. ఇంకోసారి. పావైంది. ధృతి గొంతులో ఏదో గుర్రుమని కదిలింది. ఏమిటిది? దగ్గా? కాదు. నాన్న కూనిరాగం తీస్తున్నాడు! ఇంట్లో ఏనాడూ గొంతెత్తి ఒక్క చరణం పాడని మనిషి, తుఫాను గాలిలో పన్నెండు టన్నులు ఊగుతుంటే రాగం తీస్తున్నాడు!

రెక్క నిలిచింది. మెత్తగా వెళ్లి ట్రైలర్ మీద వాలింది. ధృతి ఛాతీలో ఒక్కసారిగా ఎంత సంతోషం పొంగిందంటే, ఆమె కుర్చీలోంచి లేచి నిలబడి, వ్యాను డ్రైవరు బెదిరిపోయేలా చప్పట్లు కొట్టింది. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. అలా ఇంకా మూడు రెక్కలు. నాలుగు గంటలు. ఒక్కొక్క రెక్కకీ అదే పొంగు.

పని అయిపోయింది. పైడిరాజు నిచ్చెన దిగాడు. పోర్టు హెల్మెట్ తీసి స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాడు. దాని కింద టోపీ ఉందన్న సంగతే మరిచిపోయాడు. ధృతి తన టోపీ తీసేయాలి. చెప్పకుండా చూడటం దొంగతనమని అన్నది తనే. తీయలేదు. తప్పే, తీయలేకపోయింది. నాన్న ఒళ్లు దూదిపింజలా ఉంది. స్కూటర్ మీద కూడా రాగం సాగుతోంది. వాళ్ల వీధి మలుపు దాకా సాగింది. మలుపు తిరగగానే రాగం ఆగింది. భుజాలు వాటంతటవి జారలేదు, ఆయనే కావాలని కిందికి జార్చాడు. వీపు వంగింది. స్కూటర్ దిగాక కాళ్లు ఈడ్చుకోవడం మొదలైంది. ఆ తరవాత గొంతు కదిలింది. ఏ మాటకి కదిలిందో ధృతికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమెకి తెలిసినంతవరకు ఆ ఒంట్లో అలసట ఆవగింజంత కూడా లేదు.

పావుగంటలో ధృతి ఇంట్లో ఉంది. పైడిరాజు కుర్చీలో కూలబడి ఉన్నాడు. నూకరత్నం పిక్కలు పిసుకుతోంది.

"అమ్మా, ఆపు. నాన్న అలిసిపోలేదు."

పైడిరాజు చెయ్యి టక్కున తలమీదికి పోయింది. టోపీ తగిలింది. దొరికిపోయిన దొంగలా చూశాడు.

"ఏటీ?" అంది నూకరత్నం. "అలిసిపోలేదా? ఇరవయ్యేడేళ్ల నుంచి నూనె రాస్తన్నానయ్యా! డబ్బాలకి డబ్బాలు! నా సేతులు పడిపోతన్నా ఊరుకోకుండా రాస్తన్నాను!" నూనె గిన్నె పట్టుకుని లేచి నిలబడింది. ఆ గిన్నె ఆయన నెత్తిన బోర్లిస్తుందేమోనని ధృతి అడ్డం వెళ్లింది.

"నేను రాయమన్నానేటి?" అని గొణిగాడు పైడిరాజు. తరవాత తలదించుకున్నాడు. "మా నాన్న కలాసీ. బస్తాలు మోసి వచ్చి నిజంగానే పడిపోయీవోడు. ఆ ఇంట్లో పెరిగినోణ్ణి. కూర్చుని రెండు లివర్లు తిప్పి, పాడుకుంటా ఇంటికొచ్చీసి అన్నం పెట్టమంటే ఎంత సిగ్గు! పనంటే కష్టమనే గదా అందరూ అంటారు. అయినా... క్రేన్ ఎక్కితే నాకు పండగలాగుంటాదని నీకు తెలిస్తే, నువ్వు చదువు మానీసి నా ఎనకాలే వచ్చీదానివి. అందుకని చెప్పలేదు."

"చెప్పాల్సింది నాన్నా!" అంది ధృతి. కోపం, సంతోషం రెండూ కలిసి వచ్చేస్తున్నాయి. "నీ అలసట చూసే నేను పనంటే భయపడ్డాను. మూడు ఉద్యోగాలు మానేశాను. నేను కుదురులేని దాన్నని నువ్వనుకున్నావు, నేనూ అనుకున్నాను. మీరంతా కష్టం ఇంటికి పట్టుకొచ్చారు, సంతోషం అక్కడే వదిలేసి వచ్చారు. పనిలో సంతోషం వెతుక్కోవడం మా తరానికే పట్టిన పిచ్చి అనుకున్నాం కదా!"

నూకరత్నం గిన్నె బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, తన కాళ్లు చాపింది. "రాయి," అంది మొగుడితో. పైడిరాజు కిక్కురుమనకుండా నేలమీద కూర్చుని రాశాడు.

రికార్డింగులో ఇంటిదారి భాగాన్ని ధృతి ఆయన ఎదురుగానే చెరిపేసింది. నిచ్చెన దిగేదాకా ఉన్నది ఉంచింది.

శనివారం. పన్నెండు కుర్చీలు, పన్నెండు టోపీలు, పన్నెండు మంది పిల్లలు. పోర్టు జనరల్ మేనేజర్ కృపానిధి గారు ముందు వరసలో. పైడిరాజు ల్యాబు మూల బెంచీ చివర కూర్చున్నాడు. ఆయనకి కూతురి ల్యాబు సంగతి గుర్తుందో లేదో గానీ, కళ్లు మాత్రం ఆ టోపీల మీదే ఉన్నాయి. తన ముప్పై నాలుగేళ్లనీ పన్నెండు మంది పిల్లలు నోట్లో వేసుకుని చూడబోతున్నారు. వీళ్లు కూడా ఊసేస్తే?

పది నిమిషాలకి ఒకడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఇరవై నిమిషాలకి ఒక పిల్ల నవ్వడం మొదలెట్టింది. ముప్పయ్యో నిమిషంలో నలుగురైదుగురు ఒకేసారి "హా!" అన్నారు. రెక్క నిలిచింది! ధృతి గోళ్లు కొరికేసుకుంటోంది.

టోపీలు తీశారు. మొదటివాడు, "అంత ఎత్తు నాకు పడదు సార్," అన్నాడు. రెండోవాడికి ఒక్కణ్ణే కూర్చోవడం నచ్చలేదట. వద్దన్నా ఇప్పుడు ఎవరి కారణం వాళ్లది, ఎవరూ భయపడి పారిపోవడం లేదు. మూడోది, అనకాపల్లి పాలిటెక్నిక్ నుంచి వచ్చిన ప్రణవి, ఇందాక నవ్విన పిల్ల. ఇంకా నవ్వుతూనే ఉంది, చేతులు ఇంకా గాల్లో లివర్లు పట్టుకున్నట్టే ఉన్నాయి.

"నేను చేరతాను," అంది.

ధృతి నోరు రెండు చేతులతో మూసుకుంది. పట్నాయక్ మేడమ్ ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. పైడిరాజు బెంచీ మీంచి సగం లేచాడు.

"కానీ సార్," అంది ప్రణవి, "షిఫ్టు ఎన్ని గంటలు? వారానికి సెలవులెన్ని? మధ్యలో మార్చడానికి ఇంకొకరుంటారా?"

పైడిరాజు మొహం వాడిపోయింది. ఆగలేకపోయాడు. "అదేటి పాపా! అంత సంబరం చూసీసి కూడా సెలవులు అడుగుతావేటి? నీకు పని నచ్చలేదేటి?"

"నచ్చింది కాబట్టే అడుగుతున్నాను అంకుల్. నచ్చకపోతే అడగను, మానేస్తాను." అని ఆయన వైపు తిరిగింది. "ఆ క్రేన్ మీద ఉన్నది మీరేనా? అయితే ఒకటి చెప్పండి. నాలుగు గంటలు మీరు చుక్క నీళ్లు తాగలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. పొత్తికడుపు నొప్పి. ఎందుకు తాగలేదు అంకుల్?"

ధృతికి ఒక్కసారిగా తెలిసింది. ఆ దాహం తన ఒంట్లోకీ వచ్చింది. ఆ నొప్పీ వచ్చింది. ఆ పొంగులో పడి తాను లెక్కచేయలేదు, నాన్న లెక్కచేయనట్టే.

కృపానిధి గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఏమిటి పైడిరాజు గారూ? ఎందుకని?"

పైడిరాజు చేతులు కట్టుకున్నాడు. అలాంటిదేం లేదు సార్ అనబోతున్నాడని ధృతికి అర్థమైపోయింది. ముప్పై నాలుగేళ్లు ఆయన పెద్దసార్లకి చెప్పిన జవాబు అదొక్కటే. ఆయన ఆ పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల ఇంకా జవాబు కోసమే ఎదురుచూస్తోంది, వచ్చేవారం తాను ఎక్కబోయే క్యాబిన్ గురించి. పైడిరాజు కట్టుకున్న చేతులు విప్పేశాడు.

"పైన బాత్రూం లేదు సార్. దిగి మళ్లీ ఎక్కాలంటే అరగంట. ఓడ ఆగిపోద్దని నీళ్లు తాగడం మానీసాను. ముప్పై నాలుగేళ్ల నుంచి." గొంతు మొదట సన్నగా వచ్చింది. తరవాత పెరిగింది. "పని మీద మోజు సార్. ఏదన్నా అడిగితే క్రేన్ మీంచి దింపీస్తారేమోనని అడగలేదు. ఈ పాప అడుగుతాది. అడగనివ్వండి."

"సరే, బాత్రూం సంగతి చూద్దాం," అన్నారు కృపానిధి గారు.

"చూద్దాం అని కాదు సార్, రాసుకోండి." ముందుకొచ్చి ఆయన బల్లమీద చెయ్యి ఆనించాడు పైడిరాజు. ధృతి ఊపిరి బిగబట్టింది. కృపానిధి గారు ఒక క్షణం తటపటాయించి, జేబులోంచి పెన్ను తీశారు. "సీటు వెనకాల ఆనుకోవడానికి దన్ను లేదు. ఎండాకాలం అద్దాలు కాలిపోతాయి, ఫ్యాను లేదు. నాలుగు గంటలకోసారి మనిషి మారాల. అప్పన్నకి గాలి ఎంతొస్తందో చెప్పే మీటరు కావాల, వాడు చొక్కా ఎగరడం చూసి చెప్తన్నాడు సార్ ఇన్నాళ్లూ!"

ప్రణవి చప్పట్లు కొట్టింది. వెనకాల ఇంకో ఇద్దరు పిల్లలు చేతులెత్తి, "మేమూ చేరతాం సార్," అన్నారు. గోడమీది పట్టికలో మొదటి టిక్కు పెట్టడానికి పరిగెత్తాలని ధృతికి ఉంది. అయినా కదల్లేదు, నాన్న మొహం మీంచి కళ్లు తిప్పుకోలేకపోయింది.

కృపానిధి గారు రాయడం ఆపి తలెత్తారు. "అంతేనా పైడిరాజు గారూ?"

"ఇంకోటుంది సార్," అన్నాడు పైడిరాజు, కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంటూ.